విదేశీ సాయం: లెక్క చూసేదెవరు, తినేదెవరు?

గౌతమిగట్టు (ముమ్మిడివరం)

పేద దేశాలకు సాయం పంచే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జులై 1తో విడి సంస్థగా పని ఆపేసింది. మిగిలిన పనుల్ని వాళ్ల విదేశాంగ శాఖలో కలిపేశారు. అదే నెలలో ఇంకో వార్త చూశాను. దుబాయ్ గోదాములో ఉండిపోయిన దాదాపు 500 టన్నుల పౌష్టిక బిస్కెట్లకు గడువు తీరిపోతోందని తగలబెట్టించారు. కొనడానికి 8 లక్షల డాలర్లు, కాల్చడానికి ఇంకో 1.3 లక్షల డాలర్లు. పదిహేను లక్షల మంది పిల్లలకు వారం రోజులు సరిపోయే తిండట.

మా ఇంట్లో దీని మీద రెండు పార్టీలు. మా బాబాయి "పోతే పోయింది, ఆ డబ్బంతా ఎలాగూ మధ్యవాళ్ల పాలే" అంటాడు. మా అత్తయ్య చిన్నప్పుడు బడిలో అమెరికా రవ్వ ఉప్మా తిన్న మనిషి. "తినని వాళ్లకేం తెలుస్తుంది" అని ఆవిడ.

మన ఈ ఫోరంలో మాస్టార్లున్నారు, పోర్టులో పనిచేసేవాళ్లున్నారు, ఆడిటర్లున్నారు. ఎవరిది తప్పన్న వాదన నాకొద్దు. సరుకు బయల్దేరిన చోటు నుంచి కంచం దాకా మధ్యలో ఎవరు చూస్తారు, ఏం చూస్తారు? చూసినవాళ్లు చెప్పండి.

పాత మాస్టారు (నర్సాపురం)

మీ అత్తయ్యగారిది నా విద్యార్థుల వయసై ఉంటుంది. 1970ల్లో నేను ఎలిమెంటరీ బడిలో చేరేసరికి కేర్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ సరుకు వస్తుండేది. రవ్వ, పాలపొడి, నూనె డబ్బాలు. వాటి మీద రెండు చేతులు కలిపిన బొమ్మ. ఆ డబ్బాల్లో బియ్యం పోసుకునే ఇళ్లు మా వీధిలో ఇంకా ఉన్నాయి.

ముందు ఒక తేడా చెప్పాలి, అందరూ కలిపేస్తారు కాబట్టి. వేరే దేశాలకు తిండిగింజలు పంపడానికి పీఎల్ 480 అనే చట్టం అమెరికాలో 1954లో వచ్చింది. మనతో మొదటి ఒప్పందం 1956 ఆగస్టులో. అందులో ఎక్కువ భాగం దానం కాదు, అమ్మకం. డాలర్లు లేని మనకు రూపాయల్లో అమ్మారు, అది రేషన్ షాపులకు పోయింది. బడిపిల్లలకు ఉచితంగా ఇచ్చింది అందులో చిన్న వాటా. రెండేళ్లు వరసగా వానలు పడక 1966లో కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతి చేసుకున్నాం. ఆ రోజుల్లోనే జాన్సన్ అధ్యక్షుడు ఏ నెలకా నెల లెక్కన ఓడలు వదిలి మనల్ని ముప్పుతిప్పలు పెట్టాడు.

ఇక బడి సంగతి. హాజరు పట్టీని బట్టి రవ్వ ఇచ్చేవారు. అందుకని మా హాజరు పట్టీ ఎప్పుడూ నిండుగా ఉండేది! తనిఖీకి వచ్చిన ఆయన రిజిస్టరు చూసి, మిగిలిన బస్తాలు లెక్కపెట్టుకుని, ఖాళీ సంచులకు కూడా లెక్క అడిగి వెళ్లేవారు. పిల్లల్ని లెక్కపెట్టినాయన మాత్రం నాకు గుర్తు లేరు. మిగిలిన రవ్వ ఎక్కడికి పోయేదో ఊళ్లో అందరికీ తెలుసు, గేదెలున్న ఇళ్లవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

అయినా ఒకటి మాత్రం నేను కళ్లతో చూశాను. ఉప్మా ఉన్న రోజుల్లో పాలేళ్ల పిల్లలు బడికి వచ్చేవారు. సరుకు రాని నెలలో వాళ్లు గట్ల మీద పశువుల వెనక ఉండేవారు.

లంకరైతు (పి.గన్నవరం)

మాస్టారూ, దణ్ణం పెట్టి ఒక మాట అంటాను. ఆ చవక గోధుమలు తెచ్చి పోసి ఇక్కడి రైతు ధర తొక్కేశారు. వాళ్ల దగ్గర మిగిలిపోయిన పంట వదిలించుకోడానికి పెట్టుకున్న చట్టమది. వయ్యారిభామ కలుపు కూడా ఆ గోధుమలతోనే దిగింది, ఇప్పటికీ మా గట్ల మీద పీకలేక చస్తున్నాం.

మన ఆకలి తీర్చింది వాళ్ల ఓడలు కాదండి, విత్తనం. ఐఆర్8 వరి రకం వచ్చాక గోదావరి జిల్లాల లెక్కే మారింది. 1967లో ఆచంట నెక్కంటి సుబ్బారావుగారు వేసి చూపించారు. ఆ తర్వాత మారుటేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ల స్వర్ణ రకం 1982లో. దానికి ఏ దొర సాయం చేశాడు?

డెల్టా ఆడిట్ (భీమవరం)

రైతుగారూ, ఐఆర్8 పుట్టింది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో. దాన్ని 1960లో పెట్టించింది అమెరికాలోని ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లు. అది కూడా విదేశీ సాయమే. స్వర్ణను మాత్రం తయారుచేసింది మనవాళ్లే, ఒప్పుకుంటాను.

వయ్యారిభామ కథకు తేదీలు కుదరవు. పుణె దగ్గర ఆ మొక్కను 1950ల మధ్యలోనే గుర్తించారు, పీఎల్ 480 ఒప్పందమేమో 1956 ఆగస్టుది. 1951లో అప్పు మీద కూడా అమెరికా గోధుమలు వచ్చాయి కాబట్టి గోధుమలతో రాలేదని గట్టిగా చెప్పలేం. పీఎల్ 480 నెత్తిన రుద్దడం మాత్రం కష్టం.

ధర తొక్కేశారన్న మాటలో నిజముంది. చవగ్గా వస్తుంటే మన ప్రభుత్వమే వ్యవసాయం మీద ఖర్చు వాయిదా వేసిందని అప్పట్నుంచీ విమర్శ ఉంది. జాన్సన్ ఓడలు బిగబట్టాకే మనకు తొందర పుట్టింది. సి.సుబ్రహ్మణ్యం ఆహార మంత్రిగా ఉండగా 1966లో మెక్సికో నుంచి 18 వేల టన్నుల గోధుమ విత్తనం తెప్పించారు.

ఒక కొసమెరుపు. మనం రూపాయల్లో కట్టిన సొమ్ము ఇక్కడే పేరుకుపోయి అమెరికా వాళ్లకే ఏం చేయాలో తోచలేదు. 1974 ఫిబ్రవరిలో వాళ్ల రాయబారి మొయినిహాన్ మన ప్రభుత్వానికి 1,664 కోట్ల రూపాయల చెక్కు రాసిచ్చాడు.

అసలు ప్రశ్నకు రాత్రికి వస్తాను, రిటర్నుల సీజను.

లంకరైతు (పి.గన్నవరం)

సరేనండి, ఐఆర్8 ఇచ్చారు. దాంతోపాటు ఎరువుల బిల్లు, పురుగుమందుల బిల్లు కూడా ఇచ్చారు. అదీ రాసుకోండి.

సుగుణ (అమలాపురం)

నేను ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీ కేంద్రాలు నడిపే పథకంలో, సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. 1975 అక్టోబర్ 2న దేశం మొత్తం మీద 33 బ్లాకుల్లో మొదలైన పథకం అది. చాలా ఏళ్లు కొన్ని ప్రాంతాలకు సరుకు కేర్ నుంచి, ఐక్యరాజ్యసమితి ఆహార కార్యక్రమం నుంచి వచ్చేది.

దొంగతనం దొంగతనం అంటారు గానీ, నేను చూసిన దాంట్లో సగం గొడవ వేరే. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి బలహీనంగా ఉన్న ఒక బిడ్డకని ఇంటికిస్తాం. ఆ ఇంట్లో నలుగురు పిల్లలు. తల్లి నలుగురికీ పంచుతుంది, పంచకుండా ఏ తల్లి ఉంటుంది? నెలాఖరుకి ఆ బిడ్డ బరువు పెరగదు. పైవాళ్ల రిపోర్టులో అది "లీకేజీ". నా దృష్టిలో ఆ పిండి ఆకలిగా ఉన్న పొట్టలోకే వెళ్లింది. ప్రోగ్రాం వేసినవాళ్లు ఇంటిని చూడకుండా బిడ్డ ఒక్కణ్ణే చూశారు.

రెండోది, రుచి. మనవాళ్లకు ఆ పిండి వాసన పడలేదు. బెల్లం వేసి ఉండ చేస్తే తిన్నారు. బెల్లానికి బడ్జెట్ లేదు. కొన్ని కేంద్రాల్లో వర్కరు సొంత డబ్బుతో కొనేది, ఆ ఖర్చు ఏ లెక్కలోకీ రాలేదు.

మూడోది, తూకం. బరువు చూసే మిషను సరిగ్గా లేకపోతే గ్రోత్ చార్టు మీద గీత కూడా అబద్ధమే. తనిఖీకి వచ్చినవాళ్లు చార్టు చూస్తారు. మిషను మీద ఒక రాయి పెట్టి చూడమ్మా అన్నవాళ్లు తక్కువ.

కాకినాడ బార్జీ (జగన్నాథపురం)

మాది ఎగుమతి బియ్యం. ఆఫ్రికా వెళ్లే సరుకు ఎక్కువ మా చేతుల మీదుగానే పోతుంది. యాంకరేజ్ పోర్టులో ఓడ ఒడ్డుకు రాదు. సముద్రంలో లంగరేసి ఉంటుంది, బార్జీల మీద బస్తాలు పట్టుకెళ్లి ఎక్కిస్తాం.

మా దగ్గర చెకింగ్ ఇలా ఉంటుందండి. లారీ దిగేటప్పుడు టాలీ క్లర్కు బస్తాలు లెక్కపెడతాడు. సర్వేయరు బస్తాలో బొంబు (గుచ్చి గింజ తీసే గొట్టం) పొడిచి శాంపిల్ తీసి నూక శాతం, తేమ చూస్తాడు. బార్జీ ఎక్కేటప్పుడు మళ్లీ టాలీ. ఓడలో మళ్లీ టాలీ. ఎందుకింత జాగ్రత్త? అవతల కొన్నవాడు డబ్బు కట్టాడు. ఒక్క బస్తా తగ్గినా క్లెయిమ్ వేస్తాడు.

దానం సరుకు తీసుకునేవాడు క్లెయిమ్ ఎవరి మీద వేస్తాడు? ఓడ దాకా లెక్క మాదాంట్లోలాగే పక్కాగా ఉంటుంది. దిగాక లారీల్లోకి, చిన్న గోదాములకు, పల్లెలకు వెళ్లేకొద్దీ అడిగేవాడి గొంతు సన్నబడిపోతుంది. తరుగు రాసేది అక్కడే.

మా ఊరి భాగోతం కూడా చెప్పకపోతే అన్యాయం. 2024 నవంబర్‌లో డిప్యూటీ సీఎం పవన్ కల్యాణ్ వచ్చి ఓడ ఆపమన్నది మీరంతా చూశారు. పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లాల్సిన ఆ స్టెల్లా ఎల్ ఓడలో 1,320 టన్నులు రేషన్ బియ్యమని తేల్చి దింపించారు. అప్పట్లో రేషన్ బియ్యంలో పోషకాలు కలిపిన గింజ ఉండేది కాబట్టి పరీక్ష చేసి పట్టగలిగేవారు.

గౌతమిగట్టు (ముమ్మిడివరం)

అంటే మన పేదలకిచ్చిన బియ్యం అక్కడి పేదలకు అమ్ముతున్నారన్నమాట. మధ్యలో ఉన్నవాళ్లకు రెండు చోట్లా లాభం.

కాకినాడ బార్జీ (జగన్నాథపురం)

ఆయ్, అంతే. తమాషా ఏంటంటే మన రేషన్ షాపులో వేలిముద్ర పడందే బియ్యం రాదు. వేలిముద్ర అసలుదే, బియ్యమూ అసలుదే. కార్డుదారుడే తీసుకుని సందు చివర అమ్ముతున్నాడు, సన్నబియ్యం కొనుక్కోడానికి. మిషన్‌లో అంతా ఓకే అని వస్తుంది.

డల్లాస్ గోదారోడు

పన్ను కట్టేవాడిగా నా కోపం నేను చెప్పుకుంటాను. అమెరికా తిండి సాయంలో కనీసం సగం అమెరికా జెండా ఉన్న ఓడల్లోనే పంపాలని చట్టం. 1985 నుంచి 2012 దాకా అది 75 శాతం. ఆ ఓడల కిరాయి ఎక్కువ. అంటే తిండి కోసమని పెట్టిన డబ్బులో కొంత ఓడల కంపెనీలకే. ఇది దొంగతనం లెక్కలోకి రాదు, ఏ ఆడిటరూ పట్టుకోడు, ఎందుకంటే చట్టప్రకారమే జరుగుతోంది. ఐరోపా వాళ్లు, 2008లో కెనడా వాళ్లు ఇలాంటి ముడులు విప్పేశారు, ఎక్కడ చవకైతే అక్కడ కొనమన్నారు.

ఇంకోటి. స్వచ్ఛంద సంస్థలకు డబ్బు బదులు ధాన్యం ఇచ్చేవారు. వాళ్లు దాన్ని పేద దేశంలో అమ్మి, ఆ డబ్బుతో ప్రాజెక్టులు నడపాలి. స్థానిక రైతు ధర పడిపోతోందని, పైగా పద్ధతే దండగని చెప్పి కేర్ సంస్థ 2007లో ఇలా అమ్మే పని వదులుకుంటామని ప్రకటించింది. ఏడాదికి నాలుగున్నర కోట్ల డాలర్ల దాకా వచ్చే సొమ్ము. మాస్టారి ఉప్మా కేరే!

తనిఖీ సంగతికొస్తే, యూఎస్ఎయిడ్‌లో అవినీతి, దుబారా మీద కన్నేసి ఉంచడానికి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు ఉండేది. సాయం ఆపేసి సిబ్బందిని పంపించేయడం వల్ల 48.9 కోట్ల డాలర్ల ఆహారం రేవుల్లో, గోదాముల్లో, దారిలో పాడైపోయే ప్రమాదముందని 2025 ఫిబ్రవరి 10న రిపోర్టు ఇచ్చారు. మర్నాడే ఆ ఇన్‌స్పెక్టర్ జనరల్ పాల్ మార్టిన్‌ని తీసేశారు. సాయంలో అవినీతి ఉందని అంటూనే అవినీతి చూసే మనిషిని ఇంటికి పంపారు. మీ ఇంట్లో బాబాయిగారికి ఇది చెప్పండి.

మోడరేటర్

ట్రంప్ మీద, ఇక్కడి పార్టీల మీద వచ్చిన వ్యాఖ్యలు కొన్ని తీసేశాను. క్రైస్తవ మిషన్ల గురించి మతం కోణంలో రాసిన ఒకటి కూడా. చర్చ బాగా నడుస్తోంది, పాడు చేయకండి.

డెల్టా ఆడిట్ (భీమవరం)

చెప్పినట్టే వచ్చాను. నేను కొన్ని ట్రస్టులకు ఆడిట్ చేస్తాను. విదేశీ డబ్బు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోకే డబ్బు రావాలి, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు (అంతకుముందు 50), ఒక సంస్థ ఇంకో సంస్థకు ఆ డబ్బు ఇవ్వకూడదు. ఏడాదికోసారి ఆ డబ్బు లెక్క చెప్పే ఎఫ్‌సీ-4 రిటర్ను. కాగితం మీద చాలా గట్టి కంట్రోల్.

నేను చూసేదేంటి? డబ్బు వచ్చిందా, బిల్లుందా, ఆ బిల్లు సరైన పద్దు కింద పడిందా, సంతకం ఉందా. అంతే. మజ్జిగ పోశామన్న బిల్లుంటే నా వరకు మజ్జిగ పోసినట్టే. ఒక చోట శిక్షణ తరగతుల హాజరు చూస్తే సంతకాలన్నీ ఒకే పెన్ను, ఒకే వంపు. రిపోర్టులో రాశాను. మరుసటి ఏడాది వాళ్లు వేరే ఆడిటర్ని పెట్టుకున్నారు.

ఈ గట్టి రూల్స్ వల్ల దెబ్బ తిన్నదెవరంటే చిన్నవాళ్లు. పెద్ద సంస్థ ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో డబ్బు తెచ్చి, లంక గ్రామాల్లో తిరిగే నలుగురు మనుషుల సంఘానికి కొంత ఇచ్చేది. అది కుదరదు ఇప్పుడు. పెద్దవాళ్లకు కాగితాలు రాసే స్టాఫ్ ఉంటారు, వాళ్లకేం ఇబ్బంది లేదు. ఇంకో వింత, మూడు నెలలకోసారి వచ్చిన విరాళాలను వెబ్‌సైట్లో పెట్టాలన్న నిబంధనను 2022 జులైలో ప్రభుత్వమే తీసేసింది. ప్రభుత్వానికి లెక్క చెప్పడం పెరిగింది, జనానికి చెప్పడం తగ్గింది.

మొంబాసా మెకానిక్ (సొంతూరు తాళ్లరేవు)

కెన్యాలో మిల్లు మిషనరీ పనిలో ఉన్నాను. బజార్లో "అమ్మకానికి కాదు" అని ముద్రున్న సంచులు కనబడతాయి, ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టి చూడండి దోపిడీ అంటారు. సగం సార్లు సంచి ఒకటే సాయానిది, లోపల సరుకు మామూలు మొక్కజొన్న. మంచి సంచి ఎవరు పారేస్తారు?

సరుకు కూడా నిజంగా సాయందే అయితే, అమ్మింది చాలాసార్లు శరణార్థులే. క్యాంపులో గింజలిస్తారు. మర పట్టించడానికి డబ్బు కావాలి, వంటచెరకు కావాలి, ఉప్పు కావాలి. కొంత అమ్మి మిగతాది తింటారు. సుగుణమ్మగారు చెప్పిన బెల్లం సంగతే.

పెద్ద దొంగతనాలు లేవని కాదు. సోమాలియాలో సాయంలో సగం దాకా పక్కదారి పట్టిందని 2010లో ఐక్యరాజ్యసమితి పరిశీలన బృందమే రాసింది, కాంట్రాక్టర్లు, సాయుధ ముఠాలు, కొందరు స్థానిక సిబ్బంది కలిసి. ఇథియోపియాలో 2023 మేలో టిగ్రేకు, జూన్‌లో దేశమంతటికీ తిండి సాయం ఆపేశారు. సాయం గోధుమలు పిండిమిల్లుల్లో తేలాయి. ఆపింది దొంగతనాన్ని అరికట్టడానికి. నెలల తరబడి పస్తులున్నది మాత్రం దొంగలు కాదు. తర్వాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు లబ్ధిదారుల జాబితాలు స్థానిక అధికారుల చేతుల్లోంచి తీసేశారు. ఆ పని ముందే చేసి ఉంటే?

లంకరైతు (పి.గన్నవరం)

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని ఊరికే అన్నారా. జాబితా రాసేవాడిదే రాజ్యం.

మెకానిక్ గారూ, హైతీ సంగతి మీకు తెలిసే ఉంటుంది, వరి రైతుగా నాకు మండేది అదే. బియ్యం మీద దిగుమతి సుంకం 1995లో 50 నుంచి 3 శాతానికి తగ్గించారు, అమెరికా ఒత్తిడితో. సబ్సిడీ మీద పండిన అమెరికా బియ్యం పోసేసరికి అక్కడి వరి రైతు మునిగాడు. 2010లో బిల్ క్లింటనే పొరపాటైందని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే మడి తిరిగొస్తుందా?

కాకినాడ బార్జీ (జగన్నాథపురం)

మన ఎగుమతి బియ్యం వల్ల పశ్చిమ ఆఫ్రికాలో వరి రైతుకు అదే బాధ కదా రైతుగారూ. 2023 జులై 20న మన ప్రభుత్వం తెల్ల బియ్యం ఎగుమతి ఆపేస్తే ఇక్కడ మా కళాసీలకు పని పోయింది, అక్కడ ధరలు పెరిగాయి. మనమూ పెద్ద దేశంలాగే ప్రవర్తిస్తున్నాం.

లంకరైతు (పి.గన్నవరం)

నేను మద్దతు ధర వస్తే చాలనుకునేవాణ్ణి, నన్ను పెద్ద దేశంలో కలపకండి.

డల్లాస్ గోదారోడు

అందుకే నగదు ఇవ్వమని ఇప్పుడు చాలామంది అనేది. ఈక్వడార్‌లో ఒకే కార్యక్రమంలో కొందరికి తిండి, కొందరికి వోచర్లు, కొందరికి నగదు ఇచ్చి పోల్చి చూశారు. తిండి పంచడానికయ్యే ఖర్చు నగదు పంచడానికయ్యే దానికి మూడింతలు పైనే. ఓడ లేదు, గోదాము లేదు, తరుగు లేదు.

సుగుణ (అమలాపురం)

బాబూ, 1996 నవంబర్ 6 రాత్రి తుపానప్పుడు మీరు ఎక్కడున్నారో తెలీదు. కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి, రోడ్డు కనబడలేదు. వెయ్యి మందికి పైగా పోయారు. ఆ వారం చేతిలో డబ్బున్నవాళ్లకు కూడా కొనడానికి షాపు లేదు. అప్పుడు కావలసింది పులిహోర పొట్లాలు, మంచినీళ్లు. నెల తర్వాత అయితే నగదే మంచిది, అప్పటికి షాపులు తెరిచారు, మాకు బియ్యం కన్నా పెంకులు, తాటాకు, కూలీ డబ్బు అవసరం. ఏది మంచిదని అడిగితే ఎప్పుడు అని అడగాలి.

నగదు ఎవరి చేతికన్నది ఇంకో ప్రశ్న. మగాడి ఖాతాలో పడితే సాయంత్రానికి ఎంత మిగులుతుందో నాకు చెప్పొద్దు.

పాత మాస్టారు (నర్సాపురం)

మన రాష్ట్రంలోనూ 2022లో రేషన్ బియ్యం బదులు నగదు ఇచ్చి చూద్దామని ప్రయోగం అనుకుని వాయిదా వేసుకున్నారు. బియ్యం పోతుందేమోనని జనానికి భయం. అమ్ముకునేవాళ్లు కూడా భయపడ్డారు, అది వేరే కారణం!

తుపాను అన్నారు కాబట్టి, ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు డబ్బుతో పనులు జరిగాయి. దాన్ని సాయం అంటారు గానీ అప్పు. 2011లో మొదలైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు ప్రాజెక్టు మొదటి విడత మనకు, ఒడిశాకు వచ్చింది, షెల్టర్లు, రోడ్లు, వంతెనలు. కట్టినంత వరకు బాగా కట్టారు, ఇంజనీర్లు ఒకటికి రెండుసార్లు చూశారు. మా పక్క ఊళ్లో షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు వెతుక్కున్నారు. బిల్డింగు పూర్తయినట్టు సర్టిఫికెట్ ఉంది. తాళం సంగతి ఏ ఫారంలోనూ లేదు.

తనిఖీ తమ్ముడు (రాజోలు)

ఇంతసేపూ చదువుతున్నాను. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో కొన్నాళ్లు పనిచేశాను కాబట్టి చెప్తాను. మన రాష్ట్రంలో 2006లో మొదలైంది, 2009లో దానికి విడిగా ఒక సొసైటీ పెట్టారు. ఆఫీసు నుంచి మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) తీసుకుని ఇంటింటికీ వెళ్లేవాళ్లం. "అమ్మా, ఈ వారం నువ్వు ఆరు రోజులు చెరువు పనికి వెళ్లినట్టు ఉంది, వెళ్లావా?" అని చదివి వినిపిస్తాం. చనిపోయినవాళ్ల పేరు మీద పని చేసినట్టు మస్టరు వస్తే ఆ ఇంట్లో వాళ్ల మొహం చూడాలి. చివర్లో మండలంలో బహిరంగ విచారణ. అధికారి, మేస్త్రి, కూలీ ఒకే టెంటు కింద.

దీని లోపాలూ చెప్తాను. తిన్నట్టు తేలిన డబ్బులో తిరిగి వసూలైంది తక్కువ. ఫీల్డ్ అసిస్టెంటు మీద చర్య ఉంటుంది, పైవాడి దాకా వెళ్లదు. సాక్ష్యం చెప్పిన కూలీకి తర్వాత పని దొరక్కపోతే మేం అప్పటికి వేరే మండలంలో ఉంటాం.

అయినా విదేశీ సాయంలో ఈ మాత్రం కూడా ఎక్కడుంది? ఆడిటర్ గారు ట్రస్టు పుస్తకాలు చూస్తారు, ట్రస్టు వాళ్లు పెద్ద సంస్థకు రిపోర్టిస్తారు, వాళ్లు వాషింగ్టన్‌కో లండన్‌కో పంపుతారు. కాగితం పైకే పోతుంది. "మీ ఊరికి ఇంత ఇచ్చాం, అందిందా" అని కింద చదివి వినిపించేవాడు లేడు.

డెల్టా ఆడిట్ (భీమవరం)

తమ్ముడూ, పూర్తిగా లేదనలేం. నర్మదా ఆనకట్ట గొడవ తర్వాత ప్రపంచ బ్యాంకు 1993లో తనిఖీ ప్యానెల్ పెట్టింది. బ్యాంకు డబ్బుతో నష్టపోయిన మామూలు జనం నేరుగా ఫిర్యాదు చేయొచ్చు. కానీ అది నష్టపోయినవాళ్లకు. రావలసింది రానివాళ్లకు అలాంటి కిటికీ నేనైతే మన దగ్గర చూడలేదు.

మనమూ ఇప్పుడు ఇచ్చేవాళ్లమే. అఫ్గానిస్తాన్‌కు 50 వేల టన్నుల గోధుమలు ప్రకటించి, 2022 ఫిబ్రవరి 22న అట్టారీ నుంచి మొదటి విడత 2,500 టన్నులు పంపాం. పంపిణీ ఐక్యరాజ్యసమితి ఆహార కార్యక్రమం చేతిలో పెట్టాం. కాబూల్‌లో ఎవరు తిన్నారని పార్లమెంటులో ఎంతమంది అడిగారంటారు?

గౌతమిగట్టు (ముమ్మిడివరం)

చాలా విషయాలు తెలిశాయి, అందరికీ థ్యాంక్స్. ఒక పని మీద అడుగుతున్నాను. మా ఊళ్లో ఒక సంస్థ విదేశీ డబ్బుతో తల్లులకు పౌష్టికాహారం కిట్లు ఇస్తోంది. మా చెల్లెలు వరసామె ఒకావిడకు రెండు నెలలుగా రాలేదు, రిజిస్టరులో మాత్రం ఇచ్చినట్టుందట. గొడవ పెట్టుకోకుండా ఏం అడగాలి?

డెల్టా ఆడిట్ (భీమవరం)

ఎఫ్‌సీ-4లో ఏ పనికి ఎంత ఖర్చు చూపారో ముందు చూడండి. తర్వాత సంస్థ ఆఫీసులో కిట్ల స్టాక్ రిజిస్టరు, పంపిణీ రిజిస్టరు రెండూ చూపమని మర్యాదగా అడగండి. రెండూ ఒకే రోజు రాసినట్టుంటే మీకే తెలిసిపోతుంది.

తనిఖీ తమ్ముడు (రాజోలు)

ఒక్కరే వెళ్లకండి అక్కా. కిట్లు తీసుకునే నలుగురైదుగురు తల్లుల్ని తీసుకెళ్లండి. జాబితా గట్టిగా చదివించండి, ఫోటో కాపీ ఇవ్వమంటే బెదిరిపోతారు గానీ చదవమంటే కాదనలేరు.

లంకరైతు (పి.గన్నవరం)

సంతకమా, వేలిముద్రా అది కూడా చూడండమ్మా. చదువుకున్న పిల్ల పేరు ఎదురుగా వేలిముద్ర ఉంటే ఇంకేం అడగక్కర్లేదు.

సుగుణ (అమలాపురం)

పగలు పదకొండింటికి వెళ్లకండి, ఆ టైముకి తల్లులంతా పనుల్లో ఉంటారు, వాళ్లకు కావలసిన నలుగురే ఆఫీసులో కూర్చుని ఉంటారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వెళ్లండి. కిట్‌లో ఏముందని ప్రతి తల్లినీ విడివిడిగా అడగండి. తీసుకున్నవాళ్లు పల్లీ చిక్కీ ఎన్ని ఉన్నాయో కూడా చెప్తారు, తీసుకోనివాళ్లు "అన్నీ ఉన్నాయండి" అంటారు.